లైవ్‌లో పరువు పోయిన రోజు, కాలరెగరేసిన రోజు: వాయించేవాళ్ళు చెప్పండి

ఏడో_దెబ్బ (సత్యనారాయణపురం, విజయవాడ) – ఆదివారం రాత్రి 12:40

నిద్ర పట్టట్లేదు కాబట్టి రాస్తున్నా. నేను మృదంగం వాయిస్తాను. వయసు 24. ఇవాళ సాయంత్రం మన ఊళ్ళోనే ఒక చిన్న ఏసీ హాల్లో కచేరీ. పాడినావిడ నాకంటే ముప్పయ్యేళ్ళు పెద్ద, పేరున్న విద్వాంసురాలు. నన్ను పక్కన కూర్చోబెట్టుకోవడమే గొప్ప. ప్రధాన కీర్తన మిశ్రచాపులో, అంటే ఏడక్షరాల తాళం, అక్షరమంటే ఒక లెక్క. తని ఆవర్తనం, అంటే మృదంగం ఒక్కటే వాయించే భాగం, ఇచ్చారు. బాగానే నడిచింది. చివర ముక్తాయి, అంటే ముగింపు దరువు, మూడుసార్లు రావాలి. రెండుసార్లు అచ్చు గుద్దినట్టు వచ్చింది. మూడోసారి మొదలుపెట్టగానే వెనక నుంచి ఎవరో "భళా" అన్నారు. అంతే, ఒళ్ళు పొంగి ఒక అక్షరం మింగేశాను. ఏడో దెబ్బ పడాల్సిన చోట సమం (తాళం మళ్ళీ మొదలయ్యే దెబ్బ) అనుకుని ధాం అని కొట్టి చేతులు దించేశాను.

ఆవిడ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ఆ ఒక్క అక్షరం నిశ్శబ్దం ఉంది చూశారూ, అందులో నేను బందరు దాకా నడిచివెళ్ళి తిరిగొచ్చాను. తర్వాత ఆవిడ ఏమీ జరగనట్టు పల్లవి ఎత్తుకున్నారు. ముందు వరసలో తాళం వేస్తున్న ఒక పెద్దాయన మాత్రం చెయ్యి ఆపి, కళ్ళజోడు సర్దుకుని నన్ను అదోలా చూశాడు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే కంచంలో కూడా ఆ చూపే.

ఇదంతా మా బాబాయి ఫోన్లో తీసి, "మనవాడు ఇరగదీశాడు" అని కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. బాలమురళి గారు ఎనిమిదేళ్ళ వయసులో త్యాగరాజ ఆరాధనలో పూర్తి కచేరీ చేసిన ఊరండీ ఇది. అదే ఊళ్ళో నాకు ఇరవై నాలుగేళ్ళొచ్చినా ఏడు దాకా లెక్కపెట్టడం రాలేదు.

మీకూ జరిగే ఉంటాయిగా. చెప్పండి. గర్వపడ్డవి కూడా చెప్పండి, లేకపోతే పొద్దున్నే మృదంగం అమ్మేసేలా ఉన్నాను. (పేరు ఇందాకే మార్చుకున్నా. పాత పేరుకి అర్హత లేదు.)


ట్రాన్స్‌పోజ్_బాధితుడు (గవర్నరుపేట) – 12:58

అమ్మేముందు నా కథ కూడా విను తమ్ముడూ. నేను కీబోర్డు. పెళ్ళి రిసెప్షన్లు, చవితి పందిళ్ళు, ఎవరు పిలిస్తే వాళ్ళకి.

కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ అని ఒక బటన్ ఉంటుంది. వేళ్ళు అలవాటైన చోటే ఉంటాయి, శ్రుతి మాత్రం పైకో కిందికో జరుగుతుంది. బెంజి సర్కిల్ దగ్గర ఒక కల్యాణ మండపంలో రిసెప్షన్. ముందు పాట అమ్మాయిది, ఆమె కోసం మూడు మెట్లు పైకి జరిపాను. తర్వాత పాట మగగొంతుది. బటన్ వెనక్కి తిప్పడం మర్చిపోయాను. మొదటి బిట్ నేనొక్కణ్ణే కాబట్టి ఏమీ తెలియలేదు. బేస్ గిటారు వచ్చి కలిసేసరికి మొదలైంది. నేనొక శ్రుతి, వాడొక శ్రుతి. గాయకుడు పాపం మంచివాడు, ఎవరినీ నొప్పించడం ఇష్టంలేక మధ్యలో మూడో శ్రుతి పట్టుకున్నాడు. త్రివేణీ సంగమం. మా డ్రమ్మర్ నవ్వు ఆపుకోలేక డ్రమ్ముల కిందకి వంగి ఏదో వెతుకుతున్నట్టు నటించాడు. అతనికి శ్రుతి గొడవ లేదుగా!

చరణంలో ఎలాగో సర్దుకున్నాం. అసలు అవమానం తర్వాత జరిగింది. పెళ్ళికూతురి మేనమామ స్టేజీ ఎక్కి, ఐదొందల నోటు నా జేబులో పెట్టి, "ఇందాకటి పాట వెరైటీగా ఉంది, మళ్ళీ అలాగే వెయ్యండి" అన్నాడు.

గర్వం కూడా మండపంలోదే, అది వేరే రోజు. రాత్రి పన్నెండున్నర, జనం వెళ్ళిపోయారు, వైర్లు చుట్టేస్తున్నాం. వంటల మేస్త్రి చేతులు తుడుచుకుంటూ వచ్చి, పొద్దున్నుంచి మీ వాయిద్యం వినబడుతూనే ఉంది, పొయ్యి దగ్గర ఒక్కటీ సరిగ్గా వినలేకపోయాం, ఒక్కటి మా కోసం వాయిస్తారా అని అడిగాడు. వైర్లు మళ్ళీ విప్పాం. వినడానికి నలుగురు వడ్డించే కుర్రాళ్ళు, ఆయన. తిరగేసిన గుండిగల మీద కూర్చున్నారు. బిట్లు కూడా ఎగ్గొట్టకుండా పాట మొత్తం వాయించాం. ఎనిమిదొందల మంది ఉన్నప్పుడు కూడా అంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని వాయించి ఎరగను.


సన్నాయి_ఇల్లు (చిలకలూరిపేట వాళ్ళం, ఇప్పుడు గుంటూరు) – సోమవారం పొద్దున 6:10

సలాం అందరికీ. మా తాతల కాలం నుంచి నాదస్వరమే మా పని. కరవది నుంచి వెళ్ళి శ్రీరంగంలో స్థిరపడి 1998లో సంగీత కళానిధి అందుకున్న షేక్ చిన మౌలానా సాహెబు గారి పేరు తలుచుకుని పీక నోట్లో పెట్టుకునే ఇళ్ళు మా వైపు చాలా ఉన్నాయి. అంత పేరున్న విద్యకి మేం చేసిన మర్యాద వినండి.

గుంటూరులో పెళ్ళి. డోలు మా మామ. పెళ్ళిలో మా కళ్ళెప్పుడూ పురోహితుడి చేతి మీదే ఉంటాయి. ఆయన చెయ్యెత్తితే గట్టిమేళం. ఆ రోజు వీడియో తీసేవాళ్ళు ముగ్గురు, పంతులుగారికి హోమగుండం కూడా కనబడనివ్వట్లేదు. ఆయనకి విసుగొచ్చి "తప్పుకో బాబూ" అన్నట్టు చెయ్యెత్తారు. మామకి ఆ మాట వినబడలేదు, చెయ్యి కనబడింది. డోలు మోగింది. డోలు మోగితే నేనాగుతానా! మేం వాయిస్తే జనం ఆగుతారా! మూడొందల మంది లేచి అక్షింతలు విసిరేశారు. పెళ్ళికూతురింకా బుట్టలో కూడా కూర్చోలేదు, లోపల జడ సర్దుతున్నారు. తలమీద అక్షింతలతో పెళ్ళికొడుకు ఒక్కడే పీటల మీద బిత్తరపోయి చూస్తున్నాడు.

అసలు ముహూర్తం వచ్చేసరికి ఎవరి చేతిలోనూ అక్షింతలు లేవు. వంటింట్లోంచి బియ్యం తెచ్చి అప్పటికప్పుడు పసుపు కలిపారు. మాకు భోజనం పెట్టారు గానీ, పప్పు వడ్డించేవాడు కూడా నవ్వుతూనే వడ్డించాడు.

గర్వపడ్డది చిన్నదే. ఒక గుళ్ళో రాత్రి ఏకాంత సేవకి నీలాంబరి రాగం వాయించేవాణ్ణి. అక్కడి అయ్యవారు రోజూ "కానివ్వండి, కానివ్వండి" అనేవారు. ఆయనకి ఇంటికెళ్ళే తొందర. తప్పులేదు, పొద్దున నాలుగింటికి లేవాలి. ఒక రాత్రి ఆలాపన కొంచెం సాగింది. కళ్ళు తెరిచి చూస్తే తాళంచెవి చేత్తో పట్టుకుని గడప దగ్గర నిలబడి ఉన్నారు. నేను ఆపాకే తలుపు వేశారు. ఏమీ అనలేదు. మర్నాటి నుంచి మళ్ళీ "కానివ్వండి"యే.


ట్రాన్స్‌పోజ్_బాధితుడు – 6:32

పెళ్ళికూతురు లేకుండా అక్షింతలా! నా మూడు శ్రుతులు దీని ముందు ఎంత సార్.


గుణదల_గిటార్ – 7:45

మాది చిన్నదే, పని మధ్యలో రాస్తున్నా. క్రిస్మస్ ముందు రాత్రుళ్ళు ఇంటింటికీ తిరిగి పాడతాం. ఒక ఇంటి ముందు మూడు పాటలు, నాలుగు గొంతులు కలిపి, వణుకుతూ పాడాం. ఎవరూ తలుపు తీయలేదు. "సరిగ్గా పాడట్లేదేమో" అని నాలుగోది ఎత్తుకున్నాం. అది కూడా అయ్యాక ఎదురింటి బాల్కనీలోంచి ఒకాయన "చాలా బావుందండీ, వాళ్ళు ఊరెళ్ళారు" అన్నాడు.

ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మేరీమాత తిరనాళ్ళకి వచ్చే జనాన్ని చూసినవాళ్ళకి తెలుసు. అంతమంది ముందు కూడా వాయించాను, ఎప్పుడూ టెన్షన్ పడలేదు. ఆ బాల్కనీ గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ చెవులు కాలతాయి.


వీణ_బ్రాడీపేట (గుంటూరు) – 10:20

ఏడో దెబ్బ బాబూ, నేను నీ తల్లి వయసుదాన్ని, నువ్వే అంటాను, ఏమీ అనుకోకు.

వీణకి 24 మెట్లుంటాయని తెలుసుగా. అవి మేకులతో బిగించినవి కావు, మైనంలో కూర్చోబెట్టినవి. మైనం ఎండకి మెత్తబడుతుంది. ఇది వీణ నేర్చుకునే పిల్లకి మొదటి రోజే చెబుతారు, నేనూ నా పిల్లలకి చెబుతాను. అలాంటి నేను మే నెలలో మధ్యాహ్నం మా వారి కారు డిక్కీలో వీణ పెట్టించి, లక్ష్మీపురంలో చుట్టాలింట్లో గృహప్రవేశం భోజనానికి ఆగాను. ఆవకాయ బాగుందని ఇంకో గంట కూర్చున్నాను. గుంటూరు ఎండ సంగతి నేను చెప్పక్కర్లేదు. బయటికొచ్చి డిక్కీ తలుపు మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. అయినా నాకు బుద్ధి వెలగలేదు.

సాయంత్రం వేదిక మీద కూర్చుని శ్రుతి చేసుకున్నాను. తీగలు బాగానే పలికాయి, ఎందుకంటే శ్రుతి చేసేటప్పుడు మెట్లతో పెద్దగా పనిలేదు. మోహన రాగంలో వర్ణం ఎత్తుకోగానే గాంధారం మెట్టు నా వేలి కింద జరిగింది. ఒక్కసారి ఊహించుకోండి. మెట్టు మీద వేలు జరగాలి గానీ వేలి కింద మెట్టు జరగడమేమిటి! గాంధారం నొక్కితే మధ్యమానికి ఎదురెళ్తోంది. లాగి సరిచేసుకుందామంటే పక్క మెట్టు కూడా కదిలింది. మోహనంలో మధ్యమం ఉండదు. ఆ రోజు నా మోహనంలో లేని స్వరం లేదు.

ఆపేశాను. చేతులు జోడించి, ఎండకి వీణ కరిగిపోయిందండీ అని చెప్పాను. జనం నవ్వారు. నా దగ్గర నేర్చుకునే పిల్ల, తొమ్మిదో తరగతి, లేచి "టీచర్, మా ఇల్లు రెండు వీధులే, నా వీణ తెస్తాను" అని పరిగెత్తింది. వాళ్ళ నాన్న స్కూటరు వెనక వీణ నిలువుగా పట్టుకుని కూర్చుని వచ్చింది. ఆ పిల్ల వీణ మీదే కచేరీ పూర్తి చేశాను. నేను నేర్పిన పిల్ల, శ్రుతి అంత శుద్ధంగా పెట్టుకుని ఉంచిందే ఇంట్లో, ఎవరూ చూడని చోట! నాకు అవమానమైనా గర్వమైనా ఆ సాయంత్రమే.

తప్పు జరిగితే ఆపాలా, కొనసాగించాలా అని పిల్లలు అడుగుతుంటారు. చెయ్యి తప్పితే ఆపకూడదు, వాయిద్యం తప్పితే ఆపాలి అంటాను. నీది చెయ్యి. ఆపలేదు కదా, మంచి పని చేశావు.


హార్మణి_తెనాలి – మధ్యాహ్నం 1:15

పద్యనాటకాలకి నలభై ఏళ్ళుగా హార్మణి వాయిస్తున్నాను. గుంటూరు జిల్లాలో తొక్కని స్టేజీ లేదు. నాది వింటే ఎవరూ నమ్మరు, నమ్మకపోయినా పర్లేదు.

కాలితో తొక్కే హార్మణి. నాటక సమాజం వాళ్ళ గదిలో ఆరునెలలు పడుంది. నేను వెళ్ళేసరికి స్టేజీ మీద పెట్టేసి ఉంది, పైపైన తుడిచి కూర్చున్నాను. హరిశ్చంద్ర నాటకం, కాటి సీను. చంద్రమతి బిడ్డని ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది. జనంలో ఆడవాళ్ళు అప్పటికే కొంగులు కళ్ళకి అద్దుకుంటున్నారు. నేను శ్రుతి అందుకుని గట్టిగా తొక్కాను. తిత్తిలో గాలి నిండింది. లోపల కాపురం పెట్టిన ఎలుకకి ఊపిరాడలేదేమో, మెట్ల సందులోంచి బయటపడి నా చేతి మీదుగా దూకి సరాసరి చంద్రమతి వైపు పరిగెత్తింది.

ఆవిడ పెట్టిన కేక ఉంది చూశారూ, అది ఏ శ్రుతిలో ఉందో నేను హార్మణి మీద ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను. చచ్చిపోయి పడుకున్న లోహితాస్యుడు లేచి కాళ్ళు పైకి పెట్టుకున్నాడు. వెనక నుంచి జనం ఏమన్నారో తెలుసా? "వన్స్ మోర్!"


ప్యాడ్స్_వన్‌టౌన్ – 1:22

మాస్టారూ, ఎలుక వరకూ ఓకే. లోహితాస్యుడు లేవడం మీరు కలిపారు.


హార్మణి_తెనాలి – 1:30

ఆ లోహితాస్యుడు ఇప్పుడు బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నాడు. తీసుకొచ్చి చెప్పించమంటావా?


ఏడో_దెబ్బ – 1:41

ఆఫీసులో చదివి గట్టిగా నవ్వాను, మా మేనేజరు వచ్చి ఏంటని అడిగాడు. ఎలుక అని చెప్పా. ఆఫీసులో ఎలుకేమోనని హౌస్‌కీపింగ్‌ని పిలిచాడు.

మృదంగం ఈ వారానికి అమ్మట్లేదు.


ప్యాడ్స్_వన్‌టౌన్ – 3:05

నాది త్వరగా చెప్పేస్తా. ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్లలో ఒక్కోదానికి ఒక్కో శబ్దం పెట్టుకుంటాం, పాట మారగానే సెట్ మార్చాలి. నవరాత్రుల పందిరి, అమ్మవారి పాట, గంట మోగాల్సిన చోట ముందు పాటకి పెట్టుకున్న తుపాకీ శబ్దం పేలింది. పందిరి వెనక కట్టేసిన కుక్క కూడా స్పందించింది. కమిటీ ప్రెసిడెంటుగారు గుండె పట్టుకున్నారు. అంతే.

అసలు నాకు కోపం వేరే విషయం మీద. ఇక్కడందరూ నిజంగా వాయించి తప్పు చేసినవాళ్ళు. ఇప్పుడు సగం ప్రోగ్రాములు ట్రాకులే. లాప్‌టాప్‌లో పాట నడుస్తుంటుంది, స్టేజీ మీద మనుషులు చేతులు కదుపుతుంటారు. దాన్ని కూడా లైవ్ అని పోస్టరు మీద వేస్తారు. తప్పే జరగని చోట గర్వం ఎక్కడినుంచి వస్తుంది?


ట్రాన్స్‌పోజ్_బాధితుడు – 3:20

అన్నా, ఒప్పుకుంటా గానీ పూర్తిగా కాదు. పదిమంది ఆర్కెస్ట్రాకి ఇచ్చే డబ్బు ఇప్పుడు ఎవరిస్తున్నారు? నలుగురం వెళ్తాం, వయొలిన్లు, ఫ్లూట్లు ట్రాకులో పెడతాం. గాయకుడు పాడేది నిజం, నేను వాయించేది నిజం. ఇంట్లో బియ్యం కూడా నిజం.

పైగా ట్రాకులో తప్పులు జరగవని ఎవరన్నారు? లాప్‌టాప్ ఆగిపోయి, గాయకుడొక్కడూ గాల్లో వేలాడుతుంటే చూడాలి.


ప్యాడ్స్_వన్‌టౌన్ – 3:26

బియ్యం సంగతి ఎత్తితే నేనేం మాట్లాడను. నాకూ ఇద్దరు పిల్లలు.


సౌండు_బాక్సులు (విజయవాడ) – 5:50

మీరందరూ చెప్పుకున్నారు కదా, ఇప్పుడు మా వంతు. వాద్యగాడు తప్పు చేస్తే సౌండువాడి వైపు చూస్తాడు. గాయకుడికి గొంతు పోతే సౌండువాడి వైపు చూస్తాడు. జనం కూడా మా వైపే తిరిగి చూస్తారు. నేను కూడా అలవాటుగా వెనక్కి తిరిగి చూస్తాను, నా వెనక గోడ ఉంటుంది.

మైకు ఎందుకు కూస్తుందో ఒకసారి చెబుతా, మళ్ళీ అడగొద్దు. స్పీకర్లోంచి వచ్చిన శబ్దాన్ని మైకు పట్టుకుని మళ్ళీ స్పీకరుకే పంపిస్తుంది, అది చక్కర్లు కొడుతూ పెరిగి కూతవుతుంది. అందుకే పెద్ద స్పీకర్లు మైకుల కంటే ముందుండాలి. స్టైల్ కోసం మైకు తలకాయని గుప్పిట్లో మూసి పట్టుకునే కుర్రాళ్ళున్నారు, అలా మూస్తే అది అన్ని వైపుల శబ్దాన్నీ లాగేస్తుంది, కూత ఇంకా తొందరగా వస్తుంది. అప్పుడు కూడా మా వైపే చూస్తారు.

నా పరువు పోయిన రోజు: ఒక సన్మాన సభ. గాయకుడు పాట అయ్యాక వైర్‌లెస్ మైకు చేత్తోనే పట్టుకుని తెర వెనక్కి వెళ్ళాడు. నేను ఆపాలి. ఆ టైముకి సమోసా వచ్చింది. హాలంతా వినబడేలా ఆయన గొంతు: "శాలువా మాత్రం బరువుగా ఉంది, కవరు చూడు, గాలికి ఎగిరిపోయేలా ఉంది." సభలో నిర్వాహకులు మొదటి వరసలోనే ఉన్నారు. వాళ్ళ మొహాలు చూడలేక నేను బోర్డు కింద దూరాను. గాయకుడికి మాత్రం లాభమే. వెళ్ళేటప్పుడు ఇంకో కవరు చేతిలో పెట్టారట. నా డబ్బుల్లోంచి మాత్రం కోసుకున్నారు.

గర్వం: 2016 కృష్ణా పుష్కరాలు. ఆగస్టు 12 నుంచి 23 దాకా ఒక ఘాటు దగ్గర స్టేజీకి మా బాక్సులే. భజనలు, హరికథలు, కూచిపూడి, పగలూ రాత్రీ. మధ్యలో వానకి టార్పాలిన్లు కప్పి, తీసి, కప్పి. పన్నెండు రోజుల్లో మైకు ఒక్కసారీ కూయలేదు. ఎవరూ మమ్మల్ని గుర్తుపట్టలేదు, పేరు చదవలేదు, శాలువా లేదు. ఇంటికెళ్ళి ఒకరోజంతా పడుకున్నా.


మూడు_తీగలు (విజయవాడ) – రాత్రి 8:15

నేను వయొలిన్. ఇప్పుడు చేతులు వణుకుతాయి, వాయించడం తగ్గింది. ఎక్కువగా పున్నమ్మతోట రేడియో స్టేషన్లో వాయించాను. 1948 డిసెంబరు 1న మొదలైన స్టేషన్ అది. నేను చేరేనాటికి దాని పేరు చెబితేనే ఇళ్ళల్లో గౌరవం.

స్టేజీ మీద తీగ తెగితే జనానికి కనబడుతుంది, జాలిపడతారు, గాయకుడు ఓ మాట మాట్లాడి కాలక్షేపం చేస్తాడు. రేడియోలో ఆ వీల్లేదు. ఎర్ర లైటు వెలిగిందంటే దగ్గు కూడా మింగాలి. ఒక పొద్దున భక్తి గీతాలు నేరుగా ప్రసారమవుతున్నాయి. రెండో పాట మధ్యలో నా పై పంచమం తీగ టప్పున తెగింది. మైకు ఎదురుగా ఇంకో తీగ వేసి శ్రుతి చేసే అవకాశమే లేదు. పైన వాయించాల్సిందంతా షడ్జం తీగ మీదే చెయ్యి పైకి జరుపుకుంటూ మూడు తీగలతో లాక్కొచ్చాను. పన్నెండు నిమిషాలు. చలికాలం, అయినా చొక్కా తడిసిపోయింది.

ఇంటికెళ్తే మా అమ్మ రేడియో కట్టేస్తూ, "ఇవాళెందుకో హడావిడి లేకుండా వాయించావురా" అంది. తీగ తెగిందని ఆమెకి చెప్పలేదు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను.


వీణ_బ్రాడీపేట – 8:31

🙏


ముందు_వరస (విజయవాడ) – 10:05

నేను ఏమీ వాయించను. వింటాను, అంతే. విశ్రాంత ఉద్యోగిని, సాయంత్రాలు ఖాళీ. తుమ్మలపల్లి వారి కళాక్షేత్రంలో కానివ్వండి, గాంధీనగరంలో కానివ్వండి, గుళ్ళో కానివ్వండి, కచేరీ ఉందంటే అరగంట ముందే వెళ్ళి కూర్చుంటాను. 2021లో ఒకే జాబితాలో మన ఊరికి రెండు పద్మశ్రీలొచ్చాయి, వయొలిన్‌కి అన్నవరపు రామస్వామి గారికి, మృదంగానికి నిడుమోలు సుమతి గారికి. ఇద్దరినీ దగ్గర కూర్చుని విన్న చెవులివి. కాబట్టి కొంచెం పెడసరంగా మాట్లాడితే ఓర్చుకోవాలి.

ఆదివారం నీ కచేరీకి వచ్చాను నాయనా. నీవైపు అదోలా చూసిన పెద్దాయన నా పక్కనే కూర్చున్నారు. మొన్నీమధ్యే శుక్లాల ఆపరేషన్ అయింది, కొత్త కళ్ళజోడు ఇంకా కుదరలేదు. నన్ను కూడా అలాగే చూస్తున్నారు. ఆయన చెయ్యి ఆపింది తాళం తప్పినందుకు కాదు, విరామంలో ఇచ్చిన కాఫీ గ్లాసు కాలి కింద దొర్లితే తీశారు.

ముక్తాయి పొట్టిదైంది. అది నేను విన్నాను. దానికేం గానీ, నాకు బాధ కలిగింది ఇంకోటి. రెండో కీర్తన నుంచే నీ ఎడమ మూత మొద్దుబారింది. ఆ మూతకి అతికించే రవ్వ ముద్ద ఎండిపోయింది. గుంకీలు (ఎడమచేత్తో సాగదీసే శబ్దాలు) వేస్తుంటే కొబ్బరిచిప్ప మీద కొట్టినట్టుంది. మిగతా కచేరీ అంతా అలాగే వాయించావు. ఒక్క అక్షరం గురించి రాత్రంతా మేలుకున్నావు, గంటన్నర మొద్దు శబ్దం సంగతి ఒక్క ముక్క రాయలేదేం?


ఏడో_దెబ్బ – 10:09

అది నాకు తెలియనే తెలియదు సార్!!


ఏడో_దెబ్బ – 10:40

బాబాయి వీడియో మళ్ళీ విన్నాను. నిజమే. కొబ్బరిచిప్పే. ఇప్పుడు రెండు విషయాలకి నిద్రపట్టదు.


సౌండు_బాక్సులు – 10:52

ఏసీ గాలి నేరుగా ఎడమవైపు కొట్టి ఉంటుంది. ఆ గాలికి రవ్వ అరగంటలో పెళుసెక్కుతుంది. నేను సౌండు చూసే చోట మృదంగాన్ని గాలికి అడ్డంగా కూర్చోబెట్టను. మైకు వాల్యూం పెంచితే అది సరికాదు, నన్నడగొద్దు.


మూడు_తీగలు – 11:10

పక్కన చిన్న గిన్నెలో నీళ్ళు పెట్టుకో బాబూ. పాటకీ పాటకీ మధ్య వేళ్ళు తడిపి రాస్తూ ఉండాలి. పాతవాళ్ళు చేసేదదే. ఆవిడ శ్రుతి చూసుకునేటప్పుడు నువ్వు కుడివైపు మాత్రమే చూసుకుని ఉంటావు.


ఏడో_దెబ్బ – బుధవారం రాత్రి 9:20

ఒక వార్త. ఆదివారం పాడినావిడ ఇవాళ ఫోన్ చేశారు. పేరు చూసి వణుకుతూ ఎత్తాను. "వచ్చే ఆదివారం గుంటూరులో ఉంది, ఖాళీయేనా?" అన్నారు. ఖాళీయే అమ్మా అన్నాను. పెట్టేస్తూ, "నాకు ఒక అక్షరం బాకీ ఉన్నావు, అక్కడ తీర్చు" అన్నారు. నవ్వుతూ అన్నారో మామూలుగా అన్నారో ఫోన్లో తెలియలేదు.

ఇంట్లో అందరికీ చెప్పాను. బాబాయిని రావద్దన్నాను.


హార్మణి_తెనాలి – 9:34

వెళ్ళేముందు మృదంగంలో ఎలుకుందేమో చూసుకో.


ఏడో_దెబ్బ – తర్వాతి ఆదివారం రాత్రి 11:50

గుంటూరు నుంచి ఇప్పుడే వచ్చా. పేట సన్నాయి భాయ్ కూడా వచ్చారు, వినడానికి. చివరిదాకా ఉన్నారు.

బాకీ తీరింది. మళ్ళీ మిశ్రచాపే ఎత్తుకున్నారు ఆవిడ, కావాలనే అనుకుంటా. అదే ముక్తాయి వాయించాను, మూడుసార్లు. మూడోసారి ఎవరూ భళా అనకముందే ఏడో దెబ్బ వేసి సమంలో పడ్డాను. ఆవిడ చెయ్యీ నా చెయ్యీ ఒకేసారి దిగాయి. తల ఊపారు. చిన్నగా, గడ్డం మాత్రమే కదిలేంత.

అయితే మూడు తీగలు గారు చెప్పారని గిన్నెలో నీళ్ళు పెట్టుకున్నా కదా. భయంతో ఎక్కువ తడిపాను. కచేరీ మొదట్లో వర్ణం రెండో కాలానికి, అంటే రెట్టింపు వేగానికి, వచ్చేసరికి ఎడమవైపు రవ్వ ముద్ద మొత్తం ఊడి ఒళ్ళో పడింది. పట్టుపంచె. ఆవిడ పాడుతూనే చూశారు, వయొలిన్ ఆయన చూశారు. నేను ఎడమచేత్తో ముద్ద తీసి మళ్ళీ అతికిస్తూ కుడిచేత్తో తాళం నడిపాను. ముందు వరసలో ఒక పాప వాళ్ళమ్మని "ఉప్మానా?" అని గట్టిగా అడిగింది.

ముందు వరస సార్, ఎడమవైపు ఎలా ఉందో మీరు విని ఉంటే చెప్పేవాళ్ళు. మీరు గుంటూరు రాలేదు కదా?


ముందు_వరస – సోమవారం పొద్దున 5:40

మోకాళ్ళు బస్సు ఎక్కనివ్వలేదు. మీ బాబాయి రాలేదన్నావు, రికార్డింగు ఎవరి దగ్గరైనా ఉంటే పంపు.

పంచె మీద రవ్వని తడిగుడ్డతో రుద్దకు, పట్టు పాడవుతుంది. పూర్తిగా ఎండనిచ్చి గోటితో గీరి దులుపు.